కరోనాలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లోడు ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు ఇట్టా అయ్యాడు?

మీరు అడిగింది క్లుప్తంగా: మీ అక్క కొడుక్కి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. 2021 మేలో, మూడో తరగతి అయిపోయే వేళకి, మీ బావ ఒంగోలు ఆస్పత్రిలో కొవిడ్‌తో చనిపోయారు. ఏడాది తిరక్కుండానే అప్పులు తీర్చడానికి మీ అక్క బేల్దారి పనికి బెంగళూరు పోయింది. పిల్లోడు పొదిలి దగ్గర పల్లెలో అవ్వ దగ్గర ఉంటున్నాడు. కొన్ని నెలలుగా కడుపునొప్పి అంటున్నాడు, రాత్రిళ్ళు నిద్ర లేదు, చిన్నదానికే కోపం, వారంలో రెండు మూడు రోజులు బడి ఎగ్గొడుతున్నాడు. స్కానింగుల్లో ఏమీ లేదన్నారు. "కరోనా పోయి ఇన్నేళ్ళయింది గదా, ఇప్పుడెందుకు? హాస్టల్లో వేస్తే దారిలో పడతాడా? మందులు వాడాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడు హాస్టల్లో వేయొద్దు. కడుపునొప్పి నిజంగానే వస్తోంది, వాడు నటించడం లేదు. మానసిక వైద్యుడికి ఒకసారి తప్పకుండా చూపించండి, అయితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి మాత్రలు మొదటి మెట్టు కావు. రోజూ ఒకే వేళకు దొరికే ఒక పెద్ద మనిషి, కుదురైన నిద్ర, నాన్న చావు గురించి ఇంతవరకు ఎవరూ చెప్పని నిజం, ఈ మూడూ ముందు కావాలి. వీటిని ఈ వారమే ఇంట్లో మొదలుపెట్టొచ్చు.

ఇక "ఇప్పుడెందుకు" అన్న దాని దగ్గరికి వస్తాను.

ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో ఎప్పుడు, రెండో గడిలో ఏం జరిగింది, మూడో గడిలో అప్పుడు పిల్లోడి పక్కన ఎవరున్నారు. 2020 మార్చి నుంచి రాసుకుంటూ రండి. మన వైపు ఇళ్ళల్లో ఈ కాగితం దాదాపు ఒకే తీరుగా నిండుతుంది. మార్చి 25న లాక్‌డౌన్, నాన్నకు పని లేదు. ఇంట్లో కూర్చున్న నెలల్లో తాగుడు పెరిగింది, గొడవలు పెరిగాయి. బడి మూశారు, పాఠాలకు ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. రెండో వేవ్‌లో నాన్నను అంబులెన్సులో ఎక్కించారు, పిల్లోడు మళ్ళీ చూడలేదు. దినాలు కూడా సరిగ్గా జరగలేదు. అప్పులిచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. అమ్మ ఊరు వదిలింది. బడి మారింది. మీ ఇంట్లో వీటిలో ఏవి జరిగాయో మీకే తెలుసు. ఎన్ని వరసలు రాశారన్నదానికంటే మూడో గడి ఎన్నిసార్లు ఖాళీగా మిగిలిందన్నది నాకు ముఖ్యం.

కాబట్టి వాడి మీద పడింది ఒక్క దెబ్బ అనుకోకండి. చిన్ననాటి కష్టాలు మీద మీద పడితే ఏమవుతుందన్నది 1998లో అమెరికాలోని శాన్ డియెగోలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు అచ్చువేసిన అధ్యయనంతో స్పష్టమైంది. ఆ పరిశోధన మొత్తంలో 17,000 మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగారు. కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లోవాళ్ళు జైలుకు పోవడం, ఇలాంటివి. నాలుగు, అంతకు మించి రకాలు అనుభవించినవాళ్ళలో ఆత్మహత్యాయత్నం, ఏమీ లేనివాళ్ళతో పోలిస్తే 12 రెట్లు ఎక్కువగా కనబడింది.

కొవిడ్ కాలానికి నేరుగా వర్తించే లెక్క కూడా ఉంది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 జనవరి నుంచి జూన్ దాకా హైస్కూలు పిల్లల్ని అడిగితే, 37 శాతం మంది ఆ కాలంలో తమ మనసు బాగా లేదన్నారు. 44 శాతం మంది విడవని దిగులు, నిరాశ ఉందన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టారు, అవమానించారు అన్నవాళ్ళు 55 శాతం. ఆ మహమ్మారి సమయంలోనే నాలుగు లేదా అంతకు మించిన కష్టాలు పడ్డవాళ్ళలో మానసిక స్థితి బాగాలేనివాళ్ళు, ఏ కష్టమూ పడనివాళ్ళ కంటే దాదాపు నాలుగు రెట్లు ఉన్నారు. అంటే కొవిడ్ అందరికీ వచ్చినా అందరు పిల్లల్నీ ఒకేలా తాకలేదు. అప్పటికే ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్ళను ఎక్కువ నలిపింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ పాత జాబితాలో తండ్రి చనిపోవడం లేదు, అప్పులవాళ్ళ వేధింపు లేదు, అమ్మ వలస పోవడం లేదు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పిల్లలకు ఇవే పెద్ద కష్టాలు. పైగా ఎన్ని రకాల కష్టాలు పడ్డారో లెక్కపెట్టి వేసే ఆ స్కోరును జాతకంలాగా చదవకూడదు. అది వేలమంది మీద తీసిన లెక్క, ఒక్క పిల్లోడి భవిష్యత్తును అది చెప్పదని ఆండానే 2020లో హెచ్చరించారు. "వీడికి ఐదు వచ్చింది, ఇక ఇంతే" అని పిల్లోడి ఎదుట ఎవరూ అనకుండా చూడండి.

ఒంట్లో జరిగేదేమిటంటే, భయం నెలల తరబడి తగ్గకపోతే ఒత్తిడి హార్మోన్లను నడిపే వ్యవస్థ ఎప్పుడూ అప్రమత్తంగానే ఉండిపోతుంది. నిద్ర పలచబడుతుంది, పేగులు బిగుసుకుంటాయి, చిన్న శబ్దానికే ఉలిక్కిపడతారు, కోపం ముందు వచ్చి ఆలోచన తర్వాత వస్తుంది. ఈ వయసు పిల్లల్లో డిప్రెషన్ ఏడుపుగా కాకుండా చిరాకుగా బయటపడటం చాలా మామూలు. కడుపునొప్పి ఆదివారం తక్కువగా, సోమవారం పొద్దున ఎక్కువగా ఉంటుందేమో గమనించండి. అట్లా ఉన్నా అది అబద్ధమని కాదు, బడికి దానికి లంకె ఉందని అర్థం.

వయసు సంగతి కూడా ఉంది. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడమని తెలుసు. కానీ అది తమ బతుకును ఎట్లా మారుస్తుందో అప్పుడు అందదు. పదమూడులో అందుతుంది. స్నేహితుడి నాన్న బండి మీద దింపిపోవడం చూసినప్పుడు, ఎవరో ఫారంలో తండ్రి పేరు అడిగినప్పుడు, ఆ దుఃఖం మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. "ఇన్నేళ్ళు బాగానే ఉన్నాడు గదా" అని మీరు అనుకుంటున్న కాలంలో వాడు బాగున్నాడో, లేక అవ్వ ఏడుస్తుందని ఊరుకున్నాడో చెప్పలేం.

ఇక ఏం చేయాలో చెప్తాను.

ముందు ఒంటి జబ్బులు లేవని తేల్చుకోండి. స్కానింగులు చాలు, ఇంకోటి వద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, కంటిచూపు చూపించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. నీరసం, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం దాని వల్ల కూడా వస్తాయి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో అడగండి.

నిద్ర. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. పడుకునే వేళ కంటే లేచే వేళను ముందు బిగించండి: ఆదివారంతో సహా రోజూ ఒకే టైము. ఇప్పుడు రాత్రి ఒంటిగంటకు నిద్రపోతుంటే పదింటికి పడుకోమంటే కుదరదు, రెండు మూడు రోజులకొకసారి పావుగంట ముందుకు జరపండి. మధ్యాహ్నం తర్వాత టీ వద్దు. పగటి నిద్ర అరగంట దాటకూడదు. ఫోను తొమ్మిదిన్నరకు అవ్వ దిండు కింద ఉండాలి. అయితే లాక్కోవద్దు. లాక్కుంటే ఆ రాత్రి గొడవే మిగులుతుంది, నిద్ర రాదు. ముందు రోజు చెప్పి, వాడితోనే తెచ్చి పెట్టించండి. చాలామంది పిల్లలకు ఆ ఫోనులో నాన్న ఫొటోలు, పాత వాయిస్ మెసేజీలు ఉంటాయి. రాత్రిళ్ళు చూసేది అవేనేమో అడగండి. అవే అయితే వేరే చోట కాపీ చేయించి, ఇవి ఎక్కడికీ పోవని వాడికి చూపించండి.

పీడకలతో లేస్తే దీపం వేయండి. కూర్చోబెట్టి కాళ్ళు నేలకు ఆనించమనండి. గదిలో కనబడేవి ఐదు పేర్లు చెప్పమనండి, నీళ్ళు ఇవ్వండి. కలలో ఏమొచ్చిందని ఆ వేళలో గుచ్చి గుచ్చి అడగొద్దు.

ఒక్క మనిషి. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, ఆమె తోటివాళ్ళు దశాబ్దాల పాటు గమనించారు. ఎన్నో కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లోనూ మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలా నిలబడ్డవాళ్ళలో పదే పదే కనబడింది ఏమిటంటే, చిన్నప్పుడు వాళ్ళను గట్టిగా పట్టుకున్న పెద్ద మనిషి కనీసం ఒకరైనా ఉండటం. తల్లే కానక్కరలేదు. మేనమామగా మీరే ఆ మనిషి కావచ్చు. మీరు ఒంగోలులో ఉంటూ ఆదివారాలు వస్తున్నానన్నారు. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోను చేయండి, పావుగంట చాలు. అందులో మార్కులు, బడి, "అవ్వను ఎందుకు విసిగిస్తన్నావు" అనేవి రానీయొద్దు. "ఏం తిన్నావురా, క్రికెట్టు ఆడినారా, బర్రె ఈనిందా" అని అడగండి. వాడు అవును, కాదు అని పెట్టేసినా మర్నాడు అదే టైముకు చేయండి. మొదటి రెండు వారాలు దాదాపు ఇట్టాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. అట్టా వదిలేస్తే, పెద్దవాళ్ళు ఎట్లా అయినా పోతారని వాడు ముందే అనుకుంటున్నది రుజువైపోతుంది.

అమ్మ ఫోను కూడా ఇంతే: ఒకే వేళ, వీలైతే వీడియో. తనకు సెలవు ఖాయం కానిదే "వచ్చే వారం వస్తా నాయనా" అనొద్దని మీ అక్కకు గట్టిగా చెప్పండి. ఎప్పుడు వచ్చేదీ ఖాయమైనాక గోడ క్యాలెండరు మీద పిల్లోడితోనే గుర్తు పెట్టించండి.

నాన్న గురించి మాట్లాడటం. అందరూ తడబడేది ఇక్కడే. కొందరు అసలు ఎత్తరు. ఇంకొందరు కూర్చోబెట్టి "మనసులో ఏముందో చెప్పు" అని ఒత్తిడి చేస్తారు. రెండూ చేటే. జరిగిందంతా ఒక్కసారిగా చెప్పించడం వల్ల మేలు జరగదని పరిశోధనలు తేల్చాయి. దారి ఏమిటంటే, పక్కపక్కన ఏదో పని చేస్తూ, బండి మీద పోతూ, మీరే ఒక మాట ఎత్తండి. "మీ నాయన ఈ మలుపులో ఎప్పుడూ బండి ఆపి చెరుకురసం తాగేవాడు" అని. వాడు అందుకుంటే సాగించండి, లేకపోతే వదిలేయండి.

ఒక్కటి మాత్రం సూటిగా అడగాలి: "నీ వల్లే నాన్నకు కరోనా వచ్చిందని ఎప్పుడైనా అనుకున్నావా?" ఆ రోజుల్లో ఆటకు బయటికి పోయిన పిల్లలు, ముందు జ్వరం వచ్చిన పిల్లలు దీన్ని ఏళ్ళ తరబడి లోపల మోస్తుంటారు. "బయట తిరగొద్దురా, నీ వల్లే అందరికీ వస్తది" అని అప్పట్లో ఏ పెద్దమనిషో అనేసి ఉంటాడు కూడా. అవునని తలూపితే, ఆ ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ళో ఎంతమందికి వచ్చిందో, లక్షణాలు లేనివాళ్ళ నుంచి కూడా ఎట్లా అంటుకునేదో, ఆస్పత్రుల్లో ఆక్సిజన్ పడకలకు ఎంత కటకటగా ఉండిందో చెప్పండి. ఒక్కసారి చెప్తే పోదు, నాలుగైదుసార్లు చెప్పాల్సి వస్తుంది.

ఆఖరి చూపు దక్కలేదు కాబట్టి, ఈసారి ఆబ్దికం రోజున వాడికి ఒక పని అప్పగించండి. ఫొటో ఎంచుకోవడమో, నాన్నకు ఇష్టమైన కూర చెప్పి చేయించడమో, నలుగురికీ వడ్డించడమో. క్రైస్తవ కుటుంబమైతే జ్ఞాపకార్థ ప్రార్థనలో నాన్న గురించి రెండు మాటలు, ముస్లింలైతే ఫాతిహా రోజున సమాధి దగ్గరికి తోడు. చేయనంటే బలవంతం వద్దు.

"మగపిల్లోడివి, ఏడవగూడదు", "ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు", ఈ రెండు మాటలూ ఇంట్లో ఆపించండి. రెండోది మరీ ప్రమాదం. పదమూడేళ్ళవాడు అప్పు లెక్కలు మోయలేడు, మోయలేనని చెప్పనూ లేడు.

బడి. చదువు మీద శ్రద్ధ లేదనే ముందు, వాడికి చదవడం వచ్చో రాదో చూడండి. వాడి మూడో తరగతి చాలావరకు కొవిడ్‌లో పోయింది, నాలుగు కూడా 2021 ఆగస్టు 16న గాని మొదలు కాలేదు. రెండో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా చదివించండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. తడబడితే, రోజూ తరగతిలో ఏమీ అర్థం కాకుండా కూర్చుంటున్నాడన్నమాట. ఆ సిగ్గు ఒక్కటి చాలు, పొద్దున్నే కడుపులో నొప్పి రావడానికి. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 27.3 శాతం ఉంటే 2022కి 20.5 శాతానికి పడిపోయారని పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే చెప్పింది, వీడొక్కడిదే కాదు ఈ ఇబ్బంది. క్లాస్ టీచరును కలిసి మూడు అడగండి: అందరి ముందు లేపి చదివించొద్దు, నొప్పి వస్తే పది నిమిషాలు బయట కూర్చోనివ్వాలి, రోజూ అరగంట కింది తరగతి పాఠాలు చెప్పే ఏర్పాటు కావాలి. బడికి తిరిగి పంపడం కూడా మెట్లుగా చేయండి. మొదటి వారం మధ్యాహ్న భోజనం దాకా, తర్వాత పూర్తిగా. ఇంట్లో కూర్చోబెట్టిన ప్రతి వారం బడి మరింత దూరమవుతుంది.

హాస్టల్ ఎందుకు వద్దంటున్నాను. నాన్న పోయాడు, అమ్మ దూరమైంది, ఇప్పుడు అవ్వ కూడా. పిల్లోడి కళ్ళకు అది మూడో విడిపోవడం, పైగా తప్పు చేసినందుకు శిక్షలా కనబడుతుంది. నెల్లూరు, ఒంగోలు రెసిడెన్షియల్ బళ్ళల్లో తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు నిద్ర చెడిన పిల్లోడికి అసలు పనికిరావు. తప్పనిసరైతే కొన్ని షరతులు: చదువు మధ్యలో కాకుండా జూన్‌లో, గంట ప్రయాణంలో ఉండే చోట, వారానికి రెండుసార్లైనా ఫోను మాట్లాడనిచ్చే చోట, పిల్లోడు ముందు చూసి ఒప్పుకున్నాక.

వైద్యం. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు ఫోనులో మాట్లాడాలంటే టెలి మానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో, ఉచితం. లక్షణాలు రెండు వారాలు దాటితే చూపించాలి, మీకు ఆ హద్దు ఎప్పుడో దాటింది. ఇలాంటి పిల్లలకు గట్టి ఆధారమున్న చికిత్స ఆఘాతం, అంటే మనసుకు తగిలిన పెద్ద దెబ్బ మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఆలోచనలను, ప్రవర్తనను మాటల ద్వారా మెల్లగా సరిచేసే వైద్యం ఇది. సాధారణంగా 12 నుంచి 16 సిటింగులు, ప్రతిసారీ పెంచే పెద్దవాళ్ళతో కూడా కొంతసేపు మాట్లాడతారు. కాబట్టి మీరో అవ్వో వెంట ఉండాలి. పిల్లోణ్ణి లోపలికి పంపి బయట కూర్చుంటే సగం వైద్యం పోతుంది.

డిప్రెషన్ తీవ్రంగా ఉంటే డాక్టరు మాత్ర రాయొచ్చు, ఈ వయసుకు ఎక్కువగా ఫ్లూఆక్సెటిన్. పని చేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరిలో అలజడి, చావు ఆలోచనలు పెరగొచ్చు, కనిపెట్టి ఉండి ఏ మార్పైనా వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాగున్నాడని మీ అంతట మీరు ఆపొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే నిద్రమాత్రలు మాత్రం వద్దే వద్దు.

గాలి సోకిందని తాయెత్తు కట్టించాలని అవ్వ అంటే దాని మీద యుద్ధం పెట్టుకోకండి, కట్టించుకోనివ్వండి. కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, పస్తు పెట్టడం లాంటివి ఉంటే మాత్రం అడ్డం నిలబడండి. తాయెత్తు పేరుతో డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా పడకూడదు.

ప్రమాదం గురించి. "నేను లేకపోతే మీకు బాగుంటది" అనడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, చేతుల మీద గాట్లు, హఠాత్తుగా తిండి మానేయడం కనబడితే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, 14416కి చేయండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి. ఏదైనా చేసుకుని ఉంటే 108. అడిగినా అడక్కపోయినా ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. సేద్యం ఇళ్ళల్లో పురుగుమందు డబ్బాలు మంచం కిందో అటక మీదో ఉంటాయి. అవి ఇంట్లో నుంచి పోవాలి, కుదరకపోతే తాళం వేసి తాళంచెవి ఒకే పెద్దమనిషి దగ్గర ఉండాలి. అవ్వ బీపీ, షుగరు మాత్రలకూ ఇదే మాట. పోలీసు కేసవుతుందని దాచిపెట్టి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు.

అవ్వ దగ్గర లేని వేళల్లో వాణ్ణి ఎవరైనా కొడుతున్నారా, తాకకూడని చోట తాకుతున్నారా అన్నది కూడా మెల్లగా కనుక్కోండి. మగపిల్లలకు ఇది జరగదనుకోవద్దు. తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి.

డబ్బు. దీన్ని వైద్యంలో భాగంగానే చూస్తాను, ఎందుకంటే మీ అక్క తిరిగి రావడం దాని మీదే ఆధారపడింది. కొవిడ్‌తో అనాథలైన పిల్లల కోసం పెట్టిన పీఎం కేర్స్ పథకంలో 10 లక్షలు తల్లి బతికుంటే వర్తించవు, దాని కోసం తిరగొద్దు. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ అడగండి: నెలకు 4,000 రూపాయలు, భర్త పోయిన తల్లుల పిల్లలు అర్హుల్లో ఉన్నారు, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో. తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం పెట్టుకోండి. సచివాలయంలో అడిగితే దారి చూపిస్తారు. మీ అక్కకు వితంతు పింఛను వస్తోందో లేదో కూడా చూడండి, వలసపోయినవాళ్ళవి ఆగిపోతుంటాయి.

మార్పు వచ్చే వరస కూడా తెలుసుకోండి. ముందు నిద్ర, రెండు మూడు వారాల్లో. తర్వాత కడుపునొప్పి. కోపం మధ్యలో ఒకసారి పెరిగినట్టే పెరిగి తగ్గుతుంది, ముఖ్యంగా అమ్మ వచ్చి పోయిన వారంలో. చదువు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, దాన్నిబట్టి వైద్యం పనిచేయలేదని తేల్చేయొద్దు. మే నెల, నాన్న పుట్టినరోజు, పరీక్షల ముందు మళ్ళీ వెనక్కి పోవచ్చు. ముందే తెలిసుంటే ఎవరూ కంగారుపడరు.

ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ మూడు గడుల కాగితం, పాత స్కాన్ రిపోర్టులు, రెండు వారాల నిద్ర వేళలు రాసినది పట్టుకుపోండి. పిల్లోడికి ముందు రోజే చెప్పండి: "నిద్ర, కడుపునొప్పి గురించి మాట్లాడే డాక్టరు దగ్గరికి పోతన్నాం, సూది ఉండదు, చెప్పాలనిపించనిది చెప్పక్కర్లా." ఎక్కడికో చెప్పకుండా బండెక్కించి తీసుకుపోతే మొదటి సిటింగంతా వాడు నోరు విప్పడు. డాక్టరు ముందు వాడి తప్పుల చిట్టా విప్పకండి, ముందు వాణ్ణి మాట్లాడనిచ్చి మీరు చెప్పాల్సింది తర్వాత విడిగా చెప్పండి.